పాత కాసునకు వెల యెంత?



నేడు నేను మీతో ముచ్చటింపదలచిన విషయము చాల చిన్నది. అరచేతిలో ఇముడునంత చిన్నది. పాత నాణెమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని వచ్చితిని. ఈ విషయమును నేను గ్రంథములు తిరుగవేసి ఎన్నుకొనలేదు. మా ఇంటి అరుగుమీద జరిగిన ఒక సంగతి నన్ను దీనికి పురికొల్పినది.

నేను తిరువూరు ప్రాంతపు బడులలో చిరకాలము తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. కొలదికాలము క్రిందట ఒకనాటి సాయంకాలము నా పాతశిష్యుని తండ్రి, డెబ్బదియేండ్ల రైతు, మా ఇంటికి వచ్చి, కండువా చెరగున ముడివేసిన ఒక రాగి కాసును విప్పి నా చేతిలో పెట్టెను. "మాస్టారూ! దీనికి ముప్పై లక్షలిస్తారట. మీరొకసారి చూసి చెప్పండి" అనెను. ఎవరిత్తురని అడిగితిని. సెల్‌ఫోనులో ఒక ప్రకటన కనబడినదట. మనుమడు కాసు బొమ్మ తీసి పంపగా, ఇది మిక్కిలి అరుదైన వస్తువనియు, ముప్పది లక్షలకు తాము కొందుమనియు, ముందుగా పన్నును, రిజిస్ట్రేషను రుసుమును చెల్లింపవలెననియు బదులు వచ్చినదట. ఆ బదులుపై రిజర్వు బ్యాంకు ముద్రకూడ ఉన్నదట. ఆయన అప్పటికే రెండు విడతలుగా నలువది వేల రూపాయలు పంపియుండెను. మూడవ విడతకు పాడిగేదెను అమ్మవచ్చునా అని అడుగుటకు నాయొద్దకు వచ్చెను.

నేను కాసును దీపముచెంత చూచితిని. అది ఈస్టిండియా కుంపిణీవారు 1835వ సంవత్సరపు తేదీతో వేయించిన పావు అణా. అట్టివి కోట్లకొలది దేశమెల్ల వ్యాపించినవి. పాతనాణెములమ్మువారియొద్ద అరిగిన పావు అణా నూరు, రెండువందల రూపాయలకు దొరకును. ఆ మాట చెప్పగా ఆయన మొగము చిన్నబోయినది. "దగ్గర దగ్గర రెండువందల ఏళ్ల నాటిది గదా మాస్టారూ! అంత పాతదానికి విలువ ఉండదా?" అని అడిగెను.

పెద్దలారా! ఆ ప్రశ్న చిన్నది కాదు. పాతవస్తువునకు విలువ ఎందువలన కలుగును? పాతదనము వలననా? లోహము వలననా? లేక వేరొక కారణము వలననా? దీనిని తెలియకపోవుటచేతనే మనవారు కొందరు వంచకులకు సొమ్ము ధారపోయుచున్నారు. మరికొందరు అపూర్వ వస్తువులను కరగించి మూసలో పోయుచున్నారు. ఈ రెండు నష్టములకును మూలమొక్కటే.

ముందుగా దూరదేశపు కథయొకటి చెప్పెదను. అమెరికా దేశమున బేసుబాలు అనునొక బంతియాట కలదు. మనకు క్రికెట్టు ఎట్టిదో వారికది అట్టిది. 1909 మొదలు 1911 వరకు అచ్చటి పొగాకు కంపెనీయొకటి సిగరెట్టు పెట్టెలలో ఆటగాండ్ర రంగుబొమ్మలుగల చిన్న అట్టముక్కలను ఉంచి ఇచ్చెడిది. పెట్టె నలిగిపోకుండుటకును, కొనువారికి ఆశ పుట్టించుటకును వేసిన అట్టముక్కలే అవి. వానిలో హోనస్ వాగ్నర్ అను ప్రసిద్ధ ఆటగాని బొమ్మ కొద్దిగా అచ్చుపడినపిమ్మట ఆగిపోయెను. ఆగుటకు కారణమును పలువిధముల చెప్పుదురు. పిల్లలు తన బొమ్మకొరకు పొగాకు కొనుట ఆయనకు ఇష్టము లేకుండెనని కొందరు, తనకు సొమ్ము ఇయ్యలేదని కొందరు అందురు. ఏదియైననేమి, నేడు ఆ బొమ్మ ప్రతులు లోకమున కొన్ని పదులు మాత్రమే మిగిలియున్నవి. 2022వ సంవత్సరమున అందొకటి 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయినది. మన రూపాయలలో ఏబది కోట్లకు పైమాటే. అదే సంవత్సరమున మిక్కీ మాంటిల్ అను మరియొక ఆటగానిది, 1952లో అచ్చయిన అట్టముక్క, కోటి 26 లక్షల డాలర్లకు పోయినది.

ఇది విన్నవారు ఏమందురు? పాత అట్టముక్కకే అంత వెల పలికినచో పాత రాగికాసునకు పలుకదా అందురు. సరిగా ఇచ్చటనే కాలు జారును. ఆ దేశముననే 1980, 1990 ప్రాంతముల జరిగిన రెండవ కథ వినుడు. పాత అట్టముక్కలకు వచ్చిన వెలలు చూచి జనులు క్రొత్తవానిని పెట్టెలకొలది కొని, పిల్లల చదువులకు పనికివచ్చునని అటకలమీద దాచిరి. కంపెనీలును గిరాకీ చూచి లెక్కలేనన్ని అచ్చువేసెను. నేడు ఆ పెట్టెలలో పెక్కింటిని అడుగువారు లేరు. అందరును దాచిన వస్తువు అరుదు కానేరదు. వాగ్నర్ బొమ్మను ఆనాడు దాచవలెనని ఎక్కువమంది అనుకొనలేదు. అందుకే అది అరుదయ్యెను.

ఇక మన ఊరికి వత్తము. మా తిరువూరు పూర్వపు కృష్ణామండలపు సరిహద్దున ఉన్నది. ఆవలి ఖమ్మము సీమ పూర్వము నైజాము రాజ్యము. అందువలన మా పెద్దల కాలమున ఈ ప్రాంతపువారికి రెండు నాణెములతో పని ఉండెడిది. ఇవతల ఇంగ్లీషువారి రూపాయి. అవతల నైజాము వారి హాలీ సిక్కా, చార్మినారు బొమ్మ గలది. ఏడు హాలీ రూపాయలు ఇంచుమించుగా ఆరు ఇంగ్లీషు రూపాయలకు సమానము. ఎడ్లను కొనుటకు సరిహద్దు దాటినవాడు ఈ లెక్క తెలియకున్నచో మోసపోవును. మా తాతగారు చెప్పెడివారు: షరాబు రూపాయిని చేతికిచ్చినంతనే పుచ్చుకొనడట. రాతిమీద మ్రోగించి నాదము వినును; బరువు చూచును; అంచులు తడవి చూచును; అనుమానము కలిగినచో గీటు పెట్టి చూచును. అటుపిమ్మటనే పెట్టెలో వేసికొనును. పాతనాణెమునకు వెల కట్టుటయు ఆ షరాబు పరీక్షవంటిదే. దానికి ఐదు ప్రశ్నలు కలవు.

మొదటిది: ఇట్టివి ఎన్ని మిగిలినవి? పాతదనము ఈ ప్రశ్నకు సమాధానము కాదు. చెన్నపట్టణపు రాజధానికొరకు ఇంగ్లీషువారు 19వ శతాబ్దపు తొలినాళ్లలో ఇంగ్లండులోనే పది కాసుల, ఇరువది కాసుల రాగిబిళ్లలు వేయించి ఓడలమీద పంపెడివారు. వారు వానిని 'క్యాష్' అనిరి. అది మన కాసే. 1809 జనవరిలో అడ్మిరల్ గార్డ్‌నర్ అను ఓడ, 1808 తేదీగల అట్టి బిళ్లలను పీపాలలో నింపుకొని బయలుదేరి, ఇంగ్లండు తీరముననే గుడ్విన్ ఇసుకతిప్పలపై పగిలి మునిగిపోయెను. 1980 తరువాత ఈతగాండ్రు దిగి ఆ బిళ్లలను లక్షలకొలది పైకి తీసిరి. కొన్ని ఇప్పటికిని కొత్తవానివలె మెరయుచున్నవి. రెండువందల యేండ్లకు పైబడినవైనను అవి సామాన్యుడు కొనదగిన వెలకే దొరకుచున్నవి. మన రైతు ప్రశ్నకు ఆ ఓడయే సమాధానము.

దీనికి ఎదురుగా 1911 నాటి రూపాయిని చూడుడు. అయిదవ జార్జి పట్టమునకు వచ్చినపుడు వేసిన తొలి రూపాయిలో రాజుగారి దుస్తులపై హారమొకటి, ఆ హారమున ఏనుగుబొమ్మ యొకటి చెక్కిరి. ఏనుగు తొండము కురుచయగుటచే అది జనులకు పందివలె కనబడెను. మహమ్మదీయులు ముట్టుకొనరాదనిరి, అలజడి పుట్టెను. సుమారు 94 లక్షల రూపాయలు ముద్రించగా, అప్పటికి సుమారు 7 లక్షలు మాత్రమే జనుల చేతికి వచ్చియుండెను. ప్రభుత్వము తక్కినవానిని కరగించి, మరుసటి ఏటినుండి ఏనుగును సరిదిద్ది ముద్రించెను. అందుచే 1912 నాటి రూపాయికంటె 1911 నాటి దానిని వెదకువారెక్కువ. ఒక్క ఏడాది తేడా. ఒక్క తొండము తేడా. అట్లే 1940లో రూపాయిలోని వెండిని సగమునకు తగ్గించిరి గనుక, అంతకు ముందటి యేటిదైన 1939 నాటి మంచివెండి రూపాయి అరుదైనది. అది అరుదని తెలిసి దానికి నకళ్లును బయలుదేరినవి.

రెండవ ప్రశ్న: ఇది నిజమైనదా? ఇచ్చట మనవారు భక్తిచేత మోసపోవుదురు. సీతారామలక్ష్మణులును హనుమంతుడును ఉన్న రామటెంకిని ఇంట పూజలో ఉంచుకొనుట మన ఆచారము. అది పూజకు పనికివచ్చు ముద్ర. రాజముద్ర గల నాణెము కాదు. విజయనగర రాజ్యపు కడపటి కాలమున పెనుగొండనుండి ఏలిన తిరుమలరాయలు సీతారాముల ప్రతిమగల బంగారు వరహాలు వేయించిన మాట నిజము. కుంపిణీవారుకూడ చెన్నపట్టణమున దేవేరులతో కూడిన వేంకటేశ్వరస్వామి రూపముగల వరహాలు వేయించిన మాటయు నిజము. అయితే నేడు సంతలలో తిరుగుచున్నవి అవి కావు. ఒకవైపు పట్టాభిషేకము, రెండవవైపు ఇంగ్లీషు అక్షరములతో కుంపిణీ పేరు, 1818 తేదీ, అర్ధణా అను మాట గలవి తిరుగుచున్నవి. కుంపిణీ ఏ టంకసాలలోను అట్టి నాణెము వేయలేదు. దేవుని బొమ్మ ఉన్నదని మనము కన్నులకద్దుకొందుము. ఆ కన్నులు మూసికొన్న క్షణముననే మోసగాడు జేబులో చేయి పెట్టును. ఇట్టి బిళ్లకు బియ్యపుగింజలను ఆకర్షించు శక్తి ఉన్నదనియు, విదేశములవారు కోట్లిచ్చి కొందురనియు చెప్పి సొమ్ము గుంజు ముఠాలును మన జిల్లాలలో పెక్కుమార్లు పట్టుబడినవి. రాగి బియ్యమును లాగదు. లాగునది ఆశ.

మూడవ ప్రశ్న: దాని ఒడలు ఎట్లున్నది? అరుగక, విరుగక, గీతపడక ఉన్నదానికి వెల ఎక్కువ. ఇది విని మనవారు చింతపండు, బూడిద తెచ్చి తోముదురు. ఇంతకంటె పెద్ద తప్పు లేదు. రాగిపై కాలము పూసిన పచ్చనిపొర దానికి కవచమువంటిది; పొరతోకూడ అక్షరమును ఊడదీసి మెరయించినవాడు దాని సగము ప్రాణమును తీసినట్లే. ఇందాక చెప్పిన అమెరికా అట్టముక్కలలో మిక్కిలి ప్రఖ్యాతమైన ప్రతియొకటి ఉన్నది. దాని అంచులను తానే కత్తిరించి సరిచేసితినని ఒక పెద్ద వ్యాపారి 2013లో న్యాయస్థానము ముందు ఒప్పుకొనెను. పాతదానిని క్రొత్తదానివలె చూపుట వంచన క్రిందికే వచ్చును.

నాలుగవ ప్రశ్న: దీనిని కోరువారెవరు? ఒక వస్తువు ఎంత అరుదైనను, దాని కథ తెలిసి కోరువాడు లేనిచో వెల లేదు. హోనస్ వాగ్నర్ ఎవరో తెలియని మనకు ఆ అట్టముక్క పొయ్యిలోనికి పనికివచ్చును. మన గౌతమీపుత్ర శాతకర్ణి ఎవరో తెలియనివానికి ఆయన నాణెమును అట్టిదే. అనగా విలువకు ప్రాణము జ్ఞానము.

అయిదవ ప్రశ్నను నేను కడపట ఉంచితిని, ఏలయన నాకు అన్నిటికంటె ముఖ్యమైనది అదియే: ఇది ఎచ్చట దొరకినది? దీనికి డబ్బులో వెల తక్కువగా కనబడవచ్చును గాని, దేశచరిత్రకు ప్రాణాధారమైన ప్రశ్న ఇది. కొన్ని నిదర్శనములు చూపెదను.

తెలంగాణమున గోదావరీతీరమున పెద్దవాగు వచ్చి కలియుచోట కోటిలింగాల అను గ్రామము కలదు. అచ్చటి పాటిమీద వానలకు మట్టి కొట్టుకొనిపోగా చిన్నచిన్న నాణెములు పైకి తేలుచుండెడివి. గ్రామస్థులు ఏరి దాచినవానిని 1970 తరువాతి సంవత్సరములలో పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు మొదలగు పండితులు చదివిరి. గోభద, నారన, కంవాయ, సమగోప అను పేర్లు బయటపడెను. వీరు శాతవాహనులకు ముందు ఆ సీమను ఏలిన రాజులు; వారి ఉనికినే మనము ఎరుగము. అంతేకాదు, శాతవాహన వంశమునకు మూలపురుషుడని పురాణములు చెప్పు సిముకుని పేరును అచ్చటి నాణెములమీద కనబడినది. పిమ్మట పురావస్తు శాఖవారు అచ్చట త్రవ్వకములు జరిపిరి. శాతవాహనుల తొలి నివాసము తెలంగాణమను వాదమునకు ఈ నాణెములు గొప్ప బలమిచ్చినవి. ఆలోచింపుడు: ఆ నాణెములే ఏ బొంబాయి అంగడిలోనో, ఎచ్చట దొరకినవో తెలియక కనబడియున్నచో, ఈ వాదమునకు ఆధారమెక్కడిది? లోహమదే, అక్షరములవే, ఊరి పేరు పోయినచో చరిత్రలో సగము పోయినట్లే.

1906లో నాసిక ప్రాంతమున జోగల్‌తెంబి అను ఊర ఒక కుండలో 13 వేలకు పైగా వెండి నాణెములు దొరకినవి. అవి క్షహరాత రాజగు నహపానునివి. అందు మూడింట రెండువంతులకు పైగా నాణెములమీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మరల కొట్టించియుండెను. గెలిచిన రాజు ఓడిన రాజు సొమ్మును కరగింపక, అతని మొగముమీదనే తన గురుతు వేయించి చెలామణి చేసెను. నహపానుని గౌతమీపుత్రుడు జయించెననుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను? కుండ చెదరక, నాణెములన్నియు ఒక్కచోట లెక్కకు దొరకుటచేతనే ఈ సాక్ష్యము నిలిచినది. పంచుకొని తలకొక దోసెడు పట్టుకొనిపోయియున్నచో ఆ లెక్క ఎవరికి తెలియును?

మన తీరమున దొరకు శాతవాహనుల సీసపు నాణెములలో రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మగలవి కలవు. ఓడ బొమ్మను నాణెముమీద ఎక్కించిన రాజ్యమునకు సముద్రము ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. నాగార్జునకొండయందు రోము చక్రవర్తుల బంగారు నాణెములు దొరకినవి. అవి ఇచ్చటికి నడచి రాలేదు గదా! ఇక రాజరాజనరేంద్రుని మాట. నన్నయభట్టారకునిచేత భారతమును ఆంధ్రీకరింపజేసిన ఆ రాజు పేర, ఆయన పెదతండ్రి శక్తివర్మ పేర, నడుమ వరాహముద్రగల పలుచని బంగారు నాణెములు వెలసినవి. వానిలో కొన్ని ఎచ్చట దొరకినవో తెలియునా? సముద్రమున కావల, బర్మాదేశపు అరకాను తీరమున. రాజమహేంద్రవరపు నాణెము అరకానులో దొరకుటయే ఒక చరిత్ర. ఆ బంగారమునే ఇచ్చటి అంగడిలో తూచి అమ్మినచో తులముల లెక్కయే మిగులును.

ఈ కథలు చెప్పుచు నేను ఇతరులకు నీతి బోధించుచున్నానని తలపవలదు. నా తప్పు నేను చెప్పుకొనుటకే ఇంతదూరము వచ్చితిని.

నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో కృష్ణాతీరమున ఒక పల్లెలో పనిచేసితిని. ఒకనాడు నా తరగతిలోని పిల్లవాడు గుప్పెడు నల్లని సీసపు ముక్కలను తెచ్చి నా బల్లమీద పోసెను. "మా నాన్న వలగుళ్లకు తెచ్చాడండి, వీటిమీద ఏనుగు ఉంది చూడండి" అనెను. నేను చూచితిని. నిజముగా ఏనుగే, తొండమెత్తి నిలచియున్నది. చుట్టును ఏవో అక్షరములు. నేను వ్యాకరణము చదివినవాడనే గాని బ్రాహ్మీలిపి ఎరుగను. ముచ్చటపడి రెండింటిని ఉంచుకొని, తక్కినవానిని పిల్లవానికే ఇచ్చి పంపితిని. ఇంటికి పోయి ఆ రెండింటిని చింతపండుతోను బూడిదతోను తోమితిని. ఏనుగు మెరసినది; అక్షరములు మాసిపోయినవి.

కొన్నియేండ్లకు నాణెముల శాస్త్రము తెలిసిన పండితునొకనికి వానిని చూపితిని. ఆయన అద్దముతో చాలసేపు చూచి, "ఇవి శాతవాహనుల కాలమునాటివి. రాజు పేరు ఉండవలసినచోట ఎవరో రుద్దివేసిరి. ఇవి ఏ పొలములో దొరకినవి? ఇంకెన్ని ఉన్నవి?" అని అడిగెను. నాకు మాట రాలేదు. ఆ ప్రశ్నను నేను ఆనాడే ఆ పిల్లవానిని అడుగవలసినది. తెలుగు పండితుడను, 'ఎవరు, ఎక్కడ, ఎప్పుడు' అని పిల్లలకు ప్రశ్నలు నేర్పినవాడను, ఆ ఒక్క ప్రశ్న అడుగలేదు. సెలవు చూచుకొని ఆ పల్లెకు పోయితిని. పిల్లవాని కుటుంబము పనులకు వలసపోయినది. తక్కిన నాణెములు ఏనాడో కరగి వలగుళ్లయి ఏటిలో మునిగినవి. ఆ పాటి ఏదో చెప్పగలవారు కనబడలేదు. ఆ రెండు బిళ్లలు నేటికిని నా పెట్టెలో ఉన్నవి. ఊరులేని, పేరులేని ఏనుగులు. వానిని చూచినప్పుడెల్ల నా చదువు నాకే చిన్నదిగా కనబడును.

పెద్దలారా! మనవారిలో పాతవానిని ఏరి దాచినవారు పూర్వమునుండియు లేకపోలేదు. కర్నలు మెకంజీ 18వ శతాబ్దపు చివరను, 19వ శతాబ్దపు తొలిదశలను దక్షిణదేశమంతయు తిరిగి శాసనములను, కైఫీయతులను, నాణెములను సేకరించినపుడు ఆయనకు కన్నులును చెవులును అయినవారు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య మొదలగు తెలుగు సోదరులే. గుంటూరు సీమలో దొరగా పనిచేసిన వాల్టరు ఎలియట్ 1845లో అమరావతిని త్రవ్వించెను. దక్షిణదేశపు నాణెములను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము నేటికిని పండితులు చూచునట్టిది. గ్రామములయందు పెద్దలు చూపనిచో ఆ దొరలకు ఏమి కనబడును? ఇచ్చిన చేతులు మనవి. అందు చాలభాగము సముద్రము దాటి లండనులోని మ్యూజియము చేరినది. మన దేశమున ఉండవలసినవి పరదేశమున ఉన్నవని వగచుటకు మనకు హక్కు కలదు. కాని మన పెరటిలో దొరకినదానిని మనమే మూసలో పోసినచో ఆ వగపునకు అర్థము లేదు.

ఇక మనము చేయవలసినదేమి? క్లుప్తముగా చెప్పెదను.

భూమిలో నిక్షేపము దొరకినచో దాచుట నేరము. 1878వ సంవత్సరపు నిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపము దొరకినవాడు కలెక్టరునకు వ్రాతమూలముగా తెలుపవలెను. తెలుపనివాడు తన వాటాను పోగొట్టుకొనుటయేగాక ఏడాదివరకు కారాగారవాసమునకును పాత్రుడగును. తెలిపినవానికి చట్టము అన్యాయము చేయదు. దాచినవారి వారసులెవరును తేలనప్పుడు, దొరకించుకొన్నవానికిని భూమి యజమానికిని నడుమ వేరు ఒడంబడిక లేనిచో, నాలుగింట మూడు వంతులు దొరకించుకొన్నవానికి, తక్కినది యజమానికి చెందును. ప్రభుత్వమే తీసికొనదలచినచో లోహపు వెలకు అయిదవ వంతు చేర్చి ఇచ్చును. నూరేండ్లు దాటిన పురావస్తువులను అనుమతి లేక దేశము దాటించుటను 1972 నాటి చట్టము నిషేధించినది.

ఇంట తరతరములుగా ఉన్న నాణెములమాట వేరు. వానిని తోమవలదు. ఒక్కొక్కదానిని వేర్వేరుగా కాగితములో చుట్టి, ఆ కాగితముమీద ఇది ఎవరిది, ఏ ఊరినుండి ఎట్లు వచ్చినది, మీకు తెలిసినంత వ్రాసి ఉంచుడు. అమ్మదలచినచో తెలిసినవారిని నలుగురిని అడిగి అమ్ముడు. ముందుగా సొమ్ము పంపుమని అడుగువాడు కొనువాడు కాడు. ఈ సూత్రమును మరువవలదు. పాత నోట్లను, నాణెములను కొను వ్యవహారములతో తమకు ఏ సంబంధమును లేదనియు, వానికి తాము రుసుముగాని కమీషనుగాని అడుగమనియు రిజర్వు బ్యాంకువారు 2021 ఆగస్టులోనే ప్రకటించియున్నారు. సొమ్ము పంపి మోసపోయినవారు సిగ్గుపడక వెంటనే 1930 అను సంఖ్యకు టెలిఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము తిరిగి వచ్చు ఆశ తగ్గును.

మన రైతు ఏమయ్యెనని మీరు అడుగుదురు. ఆయన గేదెను అమ్మలేదు. పంపిన నలువది వేలు తిరిగిరాలేదు. ఫిర్యాదు ఇచ్చుటకు ఆయన సిగ్గుపడి పదిదినములు ఆలస్యము చేసెను. కాసును ఏమి చేయమని నన్నడిగెను. అది మీ ఇంటికెట్లు వచ్చినదని నేనడిగితిని. ఆయన కొంతసేపు ఆలోచించి, తన తాత సరిహద్దు ఆవలికి మిరపకాయలు తీసికొనిపోయి అమ్మి వచ్చెడివాడనియు, ఆయన మొలత్రాటి సంచిలో చివరకు మిగిలిన కాసు ఇదియే అనియు, నాయనమ్మ దీనిని ఉప్పుజాడీ అడుగున దాచినదనియు చెప్పెను. నేను మనుమని పిలిచి ఆ మాటలనన్నిటిని ఒక కాగితముమీద వ్రాయించితిని. కాసును అందులో చుట్టించితిని. ఆ పిల్లవానికి తన ముత్తాత తండ్రి వ్యాపారము చేసెనను సంగతి అదివరకు తెలియదు. ఇప్పుడు ఆ కాసు వెల పెరుగలేదు; అంగడిలో అది ఇప్పటికిని నూరు, రెండువందల రూపాయలదే. కాని ఆ ఇంట దానిని ఇక ఎవరును అమ్మరని నా నమ్మకము.

మన భాషలో నాణెమనగా చెలామణి బిళ్ల మాత్రమే కాదు. మేలిమి అనియు, మంచితనము అనియు అర్థము కలదు. నాణెమైన సరకు అందుము. నాణెమైన మాట అందుము. మీ ఊరి పాటిమీద రేపు వానకు ఏ చిన్నబిళ్ల తేలినను, దానిని తీసిన పిల్లవానిని పిలిచి, నేను అడుగక పోగొట్టుకొన్న ఆ ఒక్క ప్రశ్నను అడుగుడు: "ఎక్కడ దొరికిందిరా, అబ్బాయీ?"